కుప్పం హాల్లో నాలుగో గొంతు

రండి, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. ఫ్యాను చప్పుడులో నా మాట సగం కొట్టుకుపోతుంది. కాఫీ కావాలంటే ముందే తెచ్చుకోండి, మధ్యలో మాత్రం లేవకండి.

ముందే ఒక మాట. దయ్యాలన్నా, గాలీ ధూళీ అన్నా నాకు నమ్మకం లేదు. మా ఇంటి వెనక మూతపడిన రైసు మిల్లులో ఏదో ఉందని వీధి వీధంతా చుట్టు తిరిగి పోయేది. నేను పేడ తట్ట నెత్తిన పెట్టుకుని ఆ మిల్లు లోపలి నుంచే అడ్డంగా పోయేదాన్ని. చదివింది ఐదో తరగతి. కానీ జ్ఞాపకం గట్టిది. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పుడడిగినా చెబుతాను. నేను చెప్పేదంతా మా మనవరాలు రాసి, తప్పులు దిద్దింది. మాటలు నావే.

మా అమ్మ పేరు గంగులమ్మ. మేము ముగ్గురు ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, పుంగనూరులో ఉంటాను. అమ్మ నా దగ్గరే ఉండేది. నడిపిది జయమ్మ, చౌడేపల్లెలో ఆవులు పెట్టుకుని పాలు పోస్తుంది. చిన్నది భారతి, మదనపల్లెలో ఒక బట్టల షాపులో పని చేస్తుంది.

మా చుట్టుపక్కల ఎవరింట్లో బిడ్డకు పేరు పెట్టినా ఊయల పాటకు అమ్మను పిలిచేవాళ్ళు. మేము ముగ్గురం పక్కన కూర్చుని పాడేవాళ్ళం. ఆ పాటకు ఒక పద్ధతి ఉంది. ప్రతి చరణంలో మొదటి మూడు వరుసలు అందరూ కలిసి పాడాలి. నాలుగో వరుసలో బిడ్డ పేరు వస్తుంది. అది మాత్రం గుంపులో పెద్దామె ఒక్కతే పాడాలి. బిడ్డను మొదటిసారి పేరుపెట్టి పిలిచే గొంతు ఒక్కటే ఉండాలని మా పెద్దలు అనేవాళ్ళు. అమ్మ ఆ వరుస అందుకోగానే మేము నోరు మూసుకునేవాళ్ళం. ముప్పై ఏళ్ళ అలవాటు.

అమ్మ పోయిన రోజు మంగళవారం. ఆ రోజు పొద్దున్నుంచి భారతిని పిలిపించమని అడుగుతూనే ఉంది. నేను ఫోన్ చేయలేదు.

ఎందుకు చేయలేదో చెబుతాను. అంతకు ముందు రెండుసార్లు అమ్మకు బాగలేదని పిలిపించాను. రెండుసార్లూ భారతి పనిలోంచి పరుగెత్తుకుని వచ్చింది. అది వచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని దోసె తింటోంది. రెండోసారి షాపు ఓనరు దాన్ని అందరి ముందూ తిట్టాడట. మూడోసారి కూడా ఉత్తదే అనుకున్నాను. డ్యూటీ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. నాలుగున్నరకు అమ్మ ప్రాణం పోయింది.

రాత్రి వచ్చిన భారతి ఒక్కటే అడిగింది. "అక్కా, అమ్మ నన్ను అడిగిందా?"

"లేదు మే. నిద్దర్లోనే పోయింది," అన్నాను.

అది దాని మనసు కోసం చెప్పానో, నా కోసం చెప్పానో అప్పుడు నాకే తెలియలేదు. కానీ భారతి దాన్ని ఇంకోలా తీసుకుంది. చివరిరోజు కూడా తల్లికి తాను గుర్తుకు రాలేదని అనుకుంది. కర్మ అయ్యాక మా ఇంటికి రావడం మానేసింది. తిండి తగ్గించింది. మనిషి చిక్కి సగమైంది. నేను మాత్రం ఏడవలేదు. ఇంట్లో పనులన్నీ చేసుకుంటూ పోయాను. ఎవరైనా గిల్లినా తెలియనట్టుగా ఉండేది.

అమ్మ పోయిన ఏడో నెలలో సుధాకర్ వచ్చాడు. అతను మా వీధి అల్లుడు. బెంగళూరులో ఉన్నవాళ్ళ ఇళ్ళకు పెద్ద పెద్ద పాటల యంత్రాలు అమర్చే వ్యాపారం. అలాంటి యంత్రాలకు ప్రదర్శనలు పెడతారట. అక్కడ అందరూ అవే పాటలు వేస్తారట.

"నాకు ఎవురూ వినని గొంతులు కావాల పెద్దమ్మా. వాయిద్యం ఉండకూడదు. ఉత్త ఆడోళ్ళ గొంతు సరిగ్గా పలికించడమే కష్టం. అది పలికితే అన్నీ పలికినట్టే," అన్నాడు.

జయమ్మ బతిమాలి భారతిని తీసుకొచ్చింది. మా ముందు గదిలో కింద చాప వేసుకుని కూర్చున్నాం. సుధాకర్ మా ఎదురుగా రెండే రెండు మైకులు పెట్టాడు. ఎవరు ఏ పక్క కూర్చుంటే పాట వినేటప్పుడు కూడా ఆ పక్కనుంచే వినపడుతుందని చెప్పాడు. ఎడమ చివర చోటు ఖాళీగా వదిలేశాం. అది అమ్మ కూర్చునే చోటు. వదలాలని ఎవరూ అనుకోలేదు. అట్లా జరిగిపోయింది.

పాట మొదలుపెట్టాం. మూడు వరుసలు అయ్యాయి. నాలుగో వరుస దగ్గర ముగ్గురం ఒక్కసారిగా ఆగిపోయాం. అమ్మ ఉన్నట్టే ఆ వరుస పట్టేంతసేపు ఊరుకుని, తర్వాత పల్లవిలోని "జోజో" అందుకున్నాం. మూడు చరణాల్లోనూ అంతే. అయిపోయాక తప్పు తెలిసి సిగ్గుపడ్డాం. పెద్దదాన్ని కాబట్టి ఇప్పుడు ఆ వరుస నేను పాడాలి. మళ్ళీ పాడతామని చెప్పాం.

"వద్దమ్మా, ఇదే బాగుండాది. పాట ఆగినప్పుడు యంత్రంలో బుస్సుమని సద్దు రాకూడదు. అది సూపించడానికి ఇంతకంటే మంచిది దొరకదు," అన్నాడు సుధాకర్.

తర్వాత మాకు ఫోన్లలో పంపాడు. విన్నాను. మూడు గొంతులు, మధ్యలో ఖాళీ. ఇంకేమీ లేదు. భారతి మాత్రం పాట పాడిన రోజు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

పదో నెలలో కుప్పంలో ప్రదర్శన పెట్టారు. మూడు రాష్ట్రాల డీలర్లకూ అది దగ్గర, రైలు కూడా ఉంది. ఒక పెళ్ళిమండపం బాడుగకు తీసుకున్నారు. రెండు రోజుల ప్రదర్శన. మొదటిరోజు సాయంత్రం సుధాకర్ నాకు ఫోన్ చేశాడు. గొంతులో ఏదో తేడా ఉంది.

"పెద్దమ్మా, ఆ పొద్దు మీ ఇంట్లో ఇంగొక పెద్దామె ఉండిందా?"

"లేదప్పా. మేము ముగ్గురమే. యాల?"

"ఈడ జనాలు స్పీకరు డబ్బాల సంగతి అడగడం మానేసి ఆ నాలుగో ఆమె ఎవరని అడుగుతాండారు. వైర్లు మార్చినా, యంత్రం మార్చినా అంతే. కంప్యూటర్లో సూస్తే ఆ చోట సద్దు సూపించే గీత చదునుగా ఉండాది, ఏ గొంతూ లేనట్టు. రేపు మీరు ముగ్గురూ ఒకసారి రండి."

మరుసటి రోజు పొద్దున జయమ్మా నేనూ బస్సెక్కాం. పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పదిన్నర. జయమ్మ చెబితే భారతి ముందే వచ్చి మండపం మెట్ల మీద కూర్చుని ఉంది. నీలం చీర. నన్ను చూసి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తల పక్కకు తిప్పుకుంది.

లోపల మామూలు పెళ్ళిమండపమే. గోడలకు మాత్రం దుప్పట్ల లాంటి మందపాటి తెరలు కట్టారు. స్పీకర్లు ఒక్కొక్కటి నా అంత ఎత్తు. వాటి మధ్య బల్ల మీద గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్న యంత్రం. బావి చేంతాడంత లావు వైర్లు. ఎదురుగా సరిగ్గా నడిమధ్యలో ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు అన్నిటికంటే బాగా వినపడుతుందట. వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అందులో కూర్చుంటున్నారు. మిగిలినవాళ్ళు చుట్టూ నిలబడి కళ్ళు మూసుకుని తలాడిస్తున్నారు. జయమ్మ నా చెవిలో, "వీళ్ళకు ఇంట్లో పనేం లేదా అక్కా?" అంది.

నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. జయమ్మ, భారతి నా వెనక నిలబడ్డారు. మా పక్కనే కోలారు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. తెల్లచొక్కా, చేతిలో చిన్న నోటుబుక్కు. ఆయనకు మేమెవరో తెలియదు.

సుధాకర్ పాట పెట్టాడు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. రికార్డు విన్నట్టు లేదు. మా ముందు గది మొత్తం తెచ్చి అక్కడ పెట్టినట్టుంది. నా గొంతు కుడిపక్క, జయమ్మది మధ్యలో, భారతిది దానికి కొంచెం ఎడమగా. జయమ్మ కాలు సర్దుకుంటే చాప గరగరమన్నది కూడా వినపడింది.

మూడు వరుసలు అయ్యాయి. పాట ఆగింది.

నాకు ఏమీ వినపడలేదు. ఖాళీ. తర్వాత మా "జోజో".

వెనకనుంచి జయమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. తిరిగి చూశాను. కళ్ళ నిండా నీళ్ళు. భారతి కదలకుండా ఎడమ స్పీకరు పక్కన నేలవైపు చూస్తోంది. రెండో చరణం ఆగినప్పుడూ అంతే. నాకు ఖాళీ. మూడో చరణం ఆగినప్పుడు భారతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పాట అయిపోయింది. కోలారు పెద్దాయన నోటుబుక్కు మూసి, మామూలుగా, పక్కింటివాళ్ళను అడిగినట్టు అడిగాడు. "ఆ పెద్దమ్మ బాగా పాడతాదమ్మా. ఎడమ చివర కూర్చున్న ఆమె. మూడుసార్లూ భారతి అంటాండాది. భారతి అంటే ఎవురు?"

మేము పాడిన పాటలో ఏ పేరూ లేదు. పేరు పెట్టాల్సిన బిడ్డ లేదు కాబట్టి పేరు రాదు. ఆ వరుసే మేము పాడలేదు. ఆయన ముందు భారతి పేరు మాలో ఎవరమూ అనలేదు. ఇది నేను ఎన్నిసార్లయినా ఒట్టేసి చెబుతాను.

భారతి నా కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. పది నెలల తర్వాత నా మొహం చూసి మాట్లాడింది.

"అమ్మ నన్ను అడిగిందా?"

అంతమంది చూస్తున్నారు. యంత్రంలో ఇంకేదో పాట మొదలైతే సుధాకర్ పరుగెత్తి ఆపేశాడు.

"అడిగింది," అన్నాను. "పొద్దున్నుంచి అడిగింది. నేనే ఫోన్ చేయలేదు. నీకు అబద్ధం చెప్పినాను."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "సరే" అని మాత్రం అంది. బ్యాగు భుజానికి తగిలించుకుని బయటికి వెళ్ళిపోయింది. తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చుంది. నేను పుంగనూరులో దిగుతుంటే కిటికీ వైపు కూడా తిరగలేదు.

ఆ తర్వాత సుధాకర్ ఆ పాట వేయడం మానేశాడు. విన్నవాళ్ళలో కొందరికి నాలుగు గొంతులు వినపడ్డాయట, కొందరికి మూడే. ఎవరికి ఎందుకు వినపడిందో లెక్క తేలలేదన్నాడు. అతనికి నాలుగూ వినపడ్డాయట. నన్ను మళ్ళీ ఒకరోజు బెంగళూరుకు పిలిచి, తన షాపులో కూర్చోబెట్టి వినిపించాడు. నాకు మూడే.

సంవత్సరీకానికి ముందురోజు పొద్దున తలుపు తీస్తే భారతి నిలబడి ఉంది. నేరుగా వంటింట్లోకి పోయి, కత్తిపీట వేసుకుని, అరటికాయలు ముందు పెట్టుకుంది. రెండు కాయలు తరిగాక తలెత్తకుండా అడిగింది.

"ఫస్టు ఏ టయానికి అడిగింది?"

"ఏడింటికి. కాఫీ ఇస్తాంటే."

"ఏమని?"

"చిన్నదానికి ఫోన్ జేసినావా అని."

"నువ్వేమన్న్యావు?"

"చేస్తాలే, తాగు అన్న్యాను."

"తరవాత?"

తర్వాత తొమ్మిదింటికి. ఒళ్ళు తుడుస్తుంటే. తర్వాత పదిన్నరకు, వీధిలో ఆటో ఆగితే భారతే వచ్చిందనుకుని తల ఎత్తి చూసింది. అన్నం వేళకు, రెండింటికి, మూడుంపావుకు. ఏ మాట అందో, ఏ చెయ్యి కదిపిందో, నేను ఏ అబద్ధం చెప్పి ఊరుకోబెట్టానో, ఒక్కటీ దాచకుండా చెప్పాను. నాకు అన్నీ గుర్తే. నాలుగున్నర దగ్గరికి వచ్చి ఆగాను. భారతి ఏడవలేదు. తరిగిన ముక్కలు నీళ్ళలో వేసి చేతులు తుడుచుకుంది.

"మళ్ళా మొదట్నుంచి చెప్పు," అంది.

ఏడు గంటల నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

ఇదీ జరిగింది. మేము పాడని వరుస ఆ డబ్బాల్లోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియని కోలారు ఆయనకు వినపడిన గొంతు, పుట్టినప్పటినుంచి దాని పక్కనే బతికిన నాకు ఎందుకు వినపడలేదో అసలే తెలియదు. చదువుకున్నవాళ్ళను అడిగాను. తలా ఒకటి చెప్పారు. ఏదీ నాకు సరిపోలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను.

సరే, పొద్దుపోతోంది, లేవండి. మీ ఇంట్లో పిలిచే నోరూ, పలికే నోరూ రెండూ ఉండాలి. మీ పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నా వేళకు ఇల్లు చేరాలి. మీ పొయ్యి మీద పాలు ఎప్పుడూ పొంగుతూ ఉండాలి. చల్లగా ఉండండి.