మేవిస్ పాటని కప్పేసిన ఆదివారం

ఈ కథ రాస్తున్న రూబెన్ ముందుగా తన వెధవపని ఒకటి ఒప్పుకోవాలి. 'మూడు లాడాలు' పబ్బుకి కొత్తగా రంగులేయించాక, గోడ మీద పాత పాటగాళ్ళ ఫొటోలు మళ్ళీ తగిలిస్తూ, ఒక్కోదాని కింద ఒక ముక్క రాసిపెట్టమని పబ్బు యజమాని డెన్నిస్ ఆ పని రూబెన్‌కి అప్పజెప్పాడు. ఊళ్ళో రాయడం వచ్చి, పనీపాటా లేనివాడు రూబెన్ ఒక్కడేనని డెన్నిస్ నమ్మకం. రూబెన్ ఒక ఫొటో కింద ఇలా రాశాడు: 'ఎర్నెస్ట్ ఇబట్సన్. గొప్ప గొంతు. మోకాళ్ళ నొప్పుల వల్ల పాటలు మానుకున్నారు.' మోకాళ్ళ సంగతి నీకెవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. ఫొటోలో ఆయన కూర్చుని ఉన్నాడు, అంతే.

మేవిస్ స్టానిఫోర్త్ కళ్ళజోడు సర్దుకుని ఆ ముక్క పైకి చదివింది. పబ్బంతా వినేలా చదివింది.

"మోకాళ్ళా! ఒరేయ్ రూబెన్, చచ్చేముందు దాకా ఆ ముసలాడు గుట్టెక్కి కుందేళ్ళు కొట్టుకొచ్చేవాడు. ఆయన పాట మాన్పించింది మోకాళ్ళు కాదురా, నేను."

అలా చెప్పుకోవడానికి ఆమెకి సిగ్గు లేదు. గర్వమే.

థార్న్‌షా ఊళ్ళో క్రిస్మస్ అంటే నవంబరు సగంలోనే మొదలవుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు పబ్బు కిక్కిరిసిపోతుంది. బార్ మీద ఉప్పు చల్లిన వేపుడు బంగాళాదుంపలు పళ్ళేలతో పెడతారు, పక్కన వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయలు. మూలన హార్మోనియం. చర్చివాళ్ళు ఒకప్పుడు ఇదేం గోలరా బాబూ అని బయటికి గెంటేసిన క్రిస్మస్ పాటలన్నీ వచ్చి ఈ పబ్బులో తలదాచుకున్నాయి. ఇంగ్లండులో ఈ షెఫీల్డ్ నగరం అంచున ఒక్కో ఊరిదీ ఒక్కో వరస. పక్క ఊరి వరసలో పాడితే మనిషిని తాగుబోతులా చూస్తారు. థార్న్‌షా వాళ్ళది 'తెరిచిన తలుపు' అనే పాట. మొదటి రెండు చరణాలు అందరూ కిటికీలు అదిరేలా అరుస్తారు. మూడోది ఒక్కరే పాడాలి. అప్పుడు గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా వినపడకూడదు. ఆ మూడో చరణం ఒకరికి దక్కిందంటే ఇక వాళ్ళదే.

దక్కడానికి మాత్రం ఒకటే దారి. పాడేవాళ్ళ గొంతు పాతబడిందని గదికి అనిపించిన ఏడు, ఎవరో ఒకరు చరణం మధ్యలో అందుకుంటారు. వెంటనే గదిలో ఉన్నవాళ్ళందరూ అందుకుంటారు. పాడుతున్న మనిషి గొంతు ఆ హోరులో మునిగిపోతుంది. దీన్ని 'కప్పడం' అంటారు. ముందుగా అందుకున్నవాళ్ళకే ఆ మర్నాటి నుంచి చరణం. కప్పబడిన వాళ్ళకి యజమాని ఖర్చు మీద ఒక బ్రాందీ. ఆ బ్రాందీ తాగితే సరేనని ఒప్పుకున్నట్టు. నోటితో ఎవరూ ఒక్క మాట అనరు. ఇంత మర్యాదగా మనిషి గొంతు పిసకడం ఇంకెక్కడా చూడం.

మేవిస్‌కి చరణం ఎర్నెస్ట్ నుంచి వచ్చింది. అప్పట్లో ఆమె చెంచాలకి మెరుగు పెట్టే కార్ఖానాలో పని చేసేది. తలకి ఎర్ర గుడ్డ, ఒంటికి పాత పేపర్లు చుట్టుకుని, రోజంతా చక్రం ముందు నిలబడి, చక్రం రొదకి మించి అరుస్తూ పాడేది. ఆ రొదలో తేలిన గొంతుకి పబ్బు ఒక లెక్కా? పాటలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎర్నెస్టే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. నేర్చుకున్న రెండో క్రిస్మస్‌కి ఆయన గొంతు చరణం మధ్యలో చిన్నగా వణికింది. మేవిస్ అందుకుంది. ఎర్నెస్ట్ బ్రాందీ తాగాడు, టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"పాపం అనిపించలేదా?" అని ఎవరో అడిగితే, "వణికింది గదా" అంది మేవిస్.

తను ఎలా ఎక్కిందో తెలిసిన మనిషి గనక, తన వెనక నిచ్చెన ఉండనిచ్చేది కాదు. ఊళ్ళో కాస్త గొంతున్న ప్రతివాళ్ళనీ మొలకలోనే గిల్లేసింది. మాంసం కొట్టు గారెత్‌ది మంచి గంభీరమైన గొంతు. "నువ్వు పాడుతుంటే పందులకి తమ చుట్టాలెవరో పిలుస్తున్నట్టుంటుందిరా" అంది ఒకసారి. అంతే, గారెత్ అప్పటి నుంచి పాటలో పెదాలు మాత్రం కదుపుతాడు. స్కూలు టీచరమ్మ ఒకావిడ నగరంలో సంగీతం నేర్చుకుని వచ్చింది. "అమ్మా, ఇక్కడ తప్పులు పాడాలి, మీకు రావు" అంది మేవిస్. ఆవిడ మరుసటి ఆదివారం నుంచి పక్క ఊరి పబ్బుకి పోయింది.

కానీ అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది మేవిస్ అన్న కూతురు లోర్నా. లోర్నాకి పదిహేనేళ్ళప్పుడు, అందరూ పాడే చరణంలో ఆ పిల్ల గొంతు అందరి గొంతుల పైన తీగలా లేచింది. మేవిస్ చెవి అటు తిరిగింది. పాట అయిపోగానే, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, మేనకోడలి వైపు చూసి గొర్రెపిల్లలా "బే... ఏ... ఏ" అంది. పబ్బు పగలబడి నవ్వింది. ఆ తర్వాత లోర్నా నోరు తెరిస్తే చాలు, ఎవడో ఒకడు "బే" అనేవాడు. ఏళ్ళు గడిచాయి. లోర్నా పెళ్ళి చేసుకుంది, మొగుడు పోయాడు, అదే పబ్బులో బార్ వెనక పనికి కుదిరింది. ఇప్పటికీ బీరు కావాల్సిన మగాళ్ళు "బే, రెండు పెద్దవి" అంటారు. ఆమె రెండు పెద్దవి పోసిస్తుంది. రూబెన్ కూడా అన్నాడు, బోలెడు సార్లు. పాట మాత్రం లోర్నా మళ్ళీ పాడలేదు.

ఆ ఏడు పాటలు మొదలైన మొదటి ఆదివారమే మేవిస్ గొంతు రెండో పాదంలో చిట్లింది. చక్రం ముందు పీల్చిన మెరుగుపొడి ఇన్నాళ్ళకి లోపల్నుంచి జవాబు చెప్పినట్టుంది. ఆమె దగ్గి, కవర్ చేసుకుని, పూర్తి చేసింది. అందరూ మామూలు కన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు. అక్కడే ఆమెకి అనుమానం వచ్చింది.

తర్వాతి ఆదివారం డెన్నిస్ ఆమె కుర్చీలో కొత్త దిండు పెట్టాడు. గారెత్ పందిమాంసం రొట్టెలో బంగారు రంగు తేలిన మూల ముక్క కోసి ఆమె పళ్ళెంలో పెట్టాడు. ఆమెని చూస్తే ఒళ్ళు మండే ముసలాళ్ళు కూడా "ఆరోగ్యం ఎలా ఉంది మేవిస్?" అని అడిగారు.

"నేనేమైనా చచ్చానా? ఇంత ప్రేమగా ఉన్నారేంట్రా!" అని అరిచింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. అలాంటి దిండే ఎర్నెస్ట్ కుర్చీలోనూ ఒకప్పుడు ప్రత్యక్షమైందని ఆమెకి గుర్తుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం పొద్దున్నే, పబ్బు తెరవకముందే, ఆమె వెనక తలుపు తట్టింది. లోర్నా దుంపలు చెక్కు తీస్తోంది.

"ఇవాళ కప్పేస్తారే నన్ను" అంది మేవిస్.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనరు. అందుకే భయం. చూడవే లోర్నా, నేను హార్మోనియం వైపు తిరిగి పాడతాను, నాకు జనం కనపడరు. నువ్వు బార్ వెనక ఎత్తు మీద ఉంటావు, అందరి మొహాలూ కనపడతాయి. ఎవడైనా ఊపిరి పీలుస్తున్నట్టుంటే నా వైపు చూసి తల ఊపు. వాడు అందుకునే లోపు నేను గొంతు పెంచేస్తాను. ఈ ఒక్క ఏడు గట్టెక్కితే చాలు."

లోర్నా కత్తి పక్కన పెట్టింది. "ఎవరి మీద అనుమానం?"

"గారెత్ మీద. ఆ పందులవాడు మళ్ళీ ఇంట్లో పాడుతున్నాడట."

"నా మీద లేదా?"

మేవిస్ నవ్వేసింది. "నీ మీదా! నువ్వు మా అన్న కూతురివే గాని, నీకంత లేదే తల్లీ."

"సరే అత్తా, చూస్తుంటాను" అంది లోర్నా, మళ్ళీ కత్తి తీసుకుంటూ.

మధ్యాహ్నానికి పబ్బులో వేలు పెట్టే సందు లేదు. రూబెన్ తలుపు దగ్గర, చేతిలో గ్లాసు, వీపుకి చలిగాలి. 'తెరిచిన తలుపు' మొదలైంది. రెండు చరణాలు అరుపుల్లో అయిపోయాయి. హార్మోనియం తగ్గింది. మేవిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. దిండు నేల మీద పడేసి మరీ లేచింది.

మొదటి పాదం బాగానే వచ్చింది. పలచగా ఉంది, కానీ నిలబడింది. రెండో పాదానికి ఆమె కళ్ళు ఓరగా గారెత్‌ని వెతికాయి. వాడు నేల చూపులు చూస్తున్నాడు. కొంచెం ధైర్యం వచ్చింది. సాయం కోసం బార్ వైపు చూసింది.

లోర్నా ఆమెనే చూస్తోంది. ఒక చేత్తో బీరు పంపు పట్టుకుని, గ్లాసు నిండుతుండగా, తల ఊపింది. ఎవడు? ఎక్కడ? అన్నట్టు మేవిస్ కనుబొమలు లేచాయి. లోర్నా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు వచ్చింది ఆ గొంతు. ఇన్నేళ్ళు వాడకుండా దాచిన గొంతు ఎలా ఉండాలో అలా లేదు. తుప్పు లేదు, బెరుకు లేదు. ఇంట్లో తలుపులేసుకుని రోజూ పాడుకున్న మనిషి గొంతు అది. మేవిస్‌కి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఇది పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఎంత బాగుండేదో అప్పుడే తెలుసు గనకే గదా తను గొర్రెలా అరిచింది. ఇప్పుడు అంతకన్నా బాగుంది.

మేవిస్ ఊరుకోలేదు. గొంతు పెంచింది. అది మళ్ళీ చిట్లింది. ఆ చిట్లిన చోటనే గదంతా అందుకుంది. గారెత్ అందుకున్నాడు, డెన్నిస్ అందుకున్నాడు, తలుపు దగ్గరివాళ్ళు అందుకున్నారు. ఆమె నోరు కదులుతూనే ఉంది, ఆమెకే వినపడలేదు. చివరి పాదం దాకా పాడింది, ఎవరికీ చేరని పాట.

పాట ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టకూడదు. డెన్నిస్ బ్రాందీ పోశాడు. లోర్నానే దాన్ని ఎత్తుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి అత్త ముందు పెట్టింది.

"చూడమన్నాను నిన్ను" అంది మేవిస్. గొంతు బొంగురుపోయింది.

"చూశాను అత్తా. ఒక్కడికీ ధైర్యం లేదు. ఎవరో ఒకరు చెయ్యాలిగా."

"మొదటి నుంచీ ఇదే అనుకున్నావా?"

"పొద్దున దుంపలు చెక్కు తీసేదాకా అనుకోలేదు. 'నీకంత లేదే' అన్నావు చూడు, అప్పుడనుకున్నా."

ఎవడో వెనక నుంచి అలవాటు కొద్దీ "బే" అన్నాడు. లోర్నా తిరిగి చూసింది. "ఇంకోసారి అను, రేపటి నుంచి కుళాయి నీళ్ళు తాగుతావు" అంది.

మేవిస్ గ్లాసు చేతిలోకి తీసుకుంది. అందరూ చూస్తున్నారు. తాగకపోతే గొడవ, తాగితే అంతా అయిపోయినట్టు. ఒక్క గుక్కలో తాగేసింది. "నీళ్ళు కలిపావురా డెన్నిస్" అంది. తర్వాత దిండు నేల మీద నుంచి తీసి, దుమ్ము దులిపి, దాని మీదే కూర్చుంది. టోపీ అడగలేదు. తర్వాతి పాట మొదలైతే మిగతావాళ్ళతో కలిసి పాడింది. ఆమె పక్కవాడికి కూడా ఆ గొంతు తెలియలేదు.

క్రిస్మస్ మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆమె కుర్చీ హార్మోనియం పక్కన లేదు. లోర్నా దాన్ని మరుగుదొడ్డి తలుపు పక్కకి జరిపించింది. మగాళ్ళు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ తలుపు మేవిస్ మోకాలికి తగులుతోంది. ఆమె కుర్చీ కదపమని అడగలేదు. లోర్నా మూడో చరణం పాడుతున్నంతసేపూ మాత్రం, ఎదురుగా కనపడేలా, నోట్లో పుదీనా బిళ్ళ పెట్టుకుని పటపటా కొరికింది. గది మొత్తానికి వినపడింది. లోర్నా ఒక్క స్వరం కూడా తప్పలేదు. బిళ్ళలు అయిపోయాయి, చరణం అయిపోలేదు.

రూబెన్ ఇదంతా రాసి, ఆమె ఇంటికి తీసుకెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని చదివి వినిపించాడు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అదే అలుసుగా తీసుకుని, అడగకూడనిది అడిగాడు.

"ఇంతకీ లోర్నాని క్షమించావా మేవిస్ ఆంటీ?"

"దాని సంగతి నీకెందుకురా? అది శ్రుతిలో పాడింది. ఆ రోజు తలుపు దగ్గర గ్లాసు పట్టుకుని నువ్వూ అరిచావు, నాకు వినపడింది. శ్రుతి లేదు, తాళం లేదు. మనిషిని కప్పేయడానికి వచ్చి, అదైనా సరిగ్గా పాడలేకపోయావు. క్షమించనిది నిన్నురా."