నాయన దవడ, కందిగింజ

మా ఊళ్ళో కందులు అమ్మే ముందు ఒక గింజను దవడపళ్ళ మధ్య పెట్టి కొరికి చూస్తారు. ఫట్టున పగిలితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకా ఎండబెట్టాలి. ఇందులో మా నాయనను మించినవాళ్ళు లేరు. గిద్దలూరు వ్యాపారి తేమ చూసే మిషన్ తెచ్చుకున్నా, ముందు ఆయన మొహంకేసే చూసేవాడు.

అలాంటి మనిషికి కింది దవడపళ్ళు రెండువైపులా ఊడిపోయాయి. ముందుపళ్ళతో కొరకబోతే గింజ జారిపోయేది. ఇక నా చేతికిచ్చి కొరకమని, "ఏమన్నది పాపా?" అనేవాడు. సేద్యం నేను అందుకోవాల్సినదాన్ని, నాకేమో గింజ ఏమన్నదో తెలిసేది కాదు. "పగిలింది నాయనా" అనేదాన్ని, అంతకుమించి చెప్పలేక. ఆయన మొహం చిన్నబోయేది.

మార్కాపురంలో పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, స్క్రూలు బిగించి పళ్ళు పెట్టొచ్చు గానీ వాటికి పట్టు ఇచ్చేంత ఎముక లేదంది. ఉన్న ఎముక ఎక్కడికి పోతుందని నాకు ఒకటే ఆశ్చర్యం. పన్ను ఉన్నంతకాలం నమిలే ఒత్తిడి ఎముకకు తగులుతుందట. పన్ను పోయాక ఎముకా మెల్లగా అరిగిపోతుందట.

"బీడు పెట్టిన చేను మాదిరి" అని నాయన తలూపాడు.

పశువుల ఎముకతో చేసిన పొడి వేయొచ్చు, లేదా ఆయన దవడ వెనకనుంచే కాస్త గీకి తీయొచ్చు అందామె.

"నాదే తియ్యమ్మా. మిట్టన ఉండే మట్టి తీసి పల్లంలో పోసుకుంటాం గదా, అట్లనే."

డాక్టరమ్మ నవ్వి, అంతేనంది. అక్కడే వచ్చింది చిక్కు.

గింజ కొరకడానికి ఒకవైపు చాలని నాయన అంటే, కుడివైపు ఎముక నింపి, కుట్లు వేసి పంపింది. కొద్దిరోజులకు చూస్తే నాయన వసారాలో కూర్చుని బొటనవేలితో చెంప నొక్కుకుంటున్నాడు.

"ఏంది నాయనా, నొప్పా?"

"నొప్పేం లేదు. కొత్తగా పోసిన మట్టిని అణచకపోతే ఒక్క వానకే కొట్టుకపోతాది గదా."

అప్పటికప్పుడు బస్సెక్కించాను. దారి పొడవునా తిడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం కిటికీలోంచి ఎవరి చేలో ఏం వేశారో చూసుకుంటూ కూర్చున్నాడు.

ఒక కుట్టు తెగింది. పెట్టిన ఎముకలో కొంత పక్కకు జరిగింది, ఎక్కువభాగం నిలిచింది. డాక్టరమ్మ మళ్ళీ కుట్టి, "పెద్దాయనా, ఇది గట్టు కాదు, నారుమడి అనుకో. రక్తనాళాలు లోపలికి వేర్లు పోయినట్ల పోవాల. తొక్కితే చస్తాది" అంది.

"నారుమడి అని ముందే చెప్పుంటే తొక్కేవాణ్ణా?" అని ఆమె మీదే ఎగిరాడు.

ఆ తర్వాత చెంప మీద చెయ్యి వేయలేదు. నెలలు గడిచాక ఎక్స్‌రేలో పల్లం తెల్లగా నిండి కనిపించింది. ఏది పాత ఎముకో ఏది కొత్తదో ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు. స్క్రూలు దిగాయి, అవి కుదురుకున్నాక పళ్ళొచ్చాయి.

కళ్ళంలో కందులు కుప్ప పోసిన రోజు నాయన గింజ కొరికాడు. ఫట్టుమంది. అయినా ఆయన మొహం వెలగలేదు.

"సప్పుడొచ్చింది. పంటికేం తెలీలా."

సొంత పంటి వేరు చుట్టూ ఒత్తిడి తెలిపే నరాలుంటాయని, స్క్రూకు అవి ఉండవని డాక్టరమ్మ చెప్పే ఉంది. మేమే పట్టించుకోలేదు. ఇంత చేసీ ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది.

ఆయన మాత్రం కుప్పలోంచి ఇంకో పిడికెడు తీసి సగం నా చేతిలో పోశాడు. "నువ్వు కొరుకు, నేనూ కొరుకుతా. సప్పుడు నేను జెప్తా, పంటికేం తగిలిందో నువ్వు జెప్పు."

ఒక్కో గింజా కొరుకుతూ కుప్ప చుట్టూ తిరిగాం. కుప్ప అవతలివైపు గింజ పగిలే ముందు నా పన్ను దాంట్లోకి రవ్వంత మెత్తగా దిగింది.

"ఇంకో ఎండ కావాల నాయనా" అన్నాను.

ఆయన అప్పటికే సప్పుడు విని "ఆరినాయి" అనబోతూ నోరు తెరిచాడు. నోరు మూసుకుని, గింజలు మళ్ళీ ఎండకు పరచడానికి చేట అందుకున్నాడు.