బటన్ వెనక కాపలా

ఆ ఆసుపత్రి మందుల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ఎర్రపెట్టె అక్క అంటారు. పుట్టు భయస్థురాలు. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునే రకం. "నీ భయానికి ఎవరైనా జీతమిస్తే ఈపాటికి మేడ కట్టేసేవాళ్ళం" అని మొగుడు ఏడిపిస్తుంటాడు.

ఆ భయమే ఒకసారి అందరికీ పనికొచ్చింది. కోడ్ రాయడం రానివాళ్ళు కూడా తెర మీద పెట్టెలు లాగి అతికించి యాప్ చేసుకోవచ్చని ఆసుపత్రిలో నేర్పిస్తే, అక్క మందుల గదికి ఒకటి చేసింది. రోగికి పడని మందు ఇవ్వబోయి 'ఇవ్వు' బటన్ నొక్కారా, తెర నిండా ఎర్రపెట్టె వచ్చి అడ్డుపడుతుంది. ఆ పేరు అలా వచ్చిందే.

కంప్యూటర్ విభాగం పెద్దాయన మాత్రం మెచ్చుకుంటూనే నసిగాడు.

"ఆ రూలు బటన్ వెనక పెట్టావేంటమ్మా? రోగుల వివరాలు దాచే చోటే పెడితే ఏ తెరలోంచి నొక్కినా ఆపుతుంది. రేపు ఇంకో తెర చేస్తే అక్కడెవరు ఆపుతారు?"

"ఇంకో తెర ఎందుకొస్తుందండీ? ఇక్కడైతే నా కళ్ళెదుటే ఉంటుంది. నాకదే ధైర్యం."

ఇంకో తెర రానే వచ్చింది. చేసింది కూడా అక్కే. వార్డు అల్మారాలోంచి తీసుకునే మందుల్ని నర్సులు ఫోన్లోనే నమోదు చేసుకునేందుకు, ఒక మధ్యాహ్నం కూర్చుని చకచకా చేసిచ్చింది. అందరూ పొగిడితే మురిసిపోయింది. పెద్దాయన మాట ఏ మూలన పడేసిందో ఏమో!

మొన్న ఉదయం పదకొండింటికి, ఫోన్ల నుంచి వస్తున్న నమోదులు చూస్తూ ఒక వరుస దగ్గర ఆగిపోయింది. పద్నాలుగో మంచం. పెన్సిలిన్ ఇంజెక్షన్. రెండు నిమిషాల క్రితమే అల్మారాలోంచి తీసుకున్నారు. అదే మనిషి వివరాల్లో ఉంది: పెన్సిలిన్ పడదు.

ఎర్రపెట్టె ఎందుకు రాలేదు? ఎక్కణ్ణుంచి వస్తుంది! అది ఇక్కడ, తన బటన్ వెనక, బుద్ధిగా కూర్చుని ఉంది.

వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. లిఫ్ట్ ఎక్కడో పైన ఉంది. మూడంతస్తుల మెట్లు పడుతూ లేస్తూ ఎక్కింది. ఒక చెప్పు జారిపోయినా చూసుకోలేదు. ఇచ్చేశారా? ఊపిరాడక కొట్టుకుంటున్నాడా? పైప్రాణాలు పైనే పోతున్నాయి.

నర్సు అప్పుడే సూది దగ్గరికి తెస్తోంది.

"ఆగు! ఆగమ్మా! ఆ మందు ఆయనకి పడదు!"

నర్సు మొహం పాలిపోయింది. "ఫోన్లో ఏమీ చూపించలేదక్కా."

మంచం పక్కనున్న రోగి కూతురు అక్క చేతులు రెండూ పట్టేసుకుని ఏడ్చేసింది. "మీరు రాకపోతే మా నాన్న... మీ మేలు ఎలా మర్చిపోతానండీ!"

తలూపి వెళ్ళిపోతే సరిపోయేది. ఎవరికి తెలుస్తుంది? కానీ నర్సు తప్పంతా తనదేననుకుని క్షమించమని రోగిని బతిమాలుతోంది. అక్కకు ఉండబట్టలేదు.

"ఇందులో నర్సు తప్పేమీ లేదమ్మా. ఆపాల్సిన రూలు కింద నా కంప్యూటర్ తెరలోనే పెట్టుకున్నాను. ఈ ఫోన్లకి లేదు. తప్పు నాదే."

ఆ అమ్మాయి పట్టుకున్న చేతులు వదిలేసింది.

"ఈ ఫోన్లు ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు?"

"తొమ్మిది రోజులు" అంది నర్సు.

"మరి ఈ తొమ్మిది రోజుల్లో మిగతావాళ్ళ సంగతో?"

అక్కకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. ఆ చివర కిటికీ దగ్గర రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. అక్కడివాళ్ళు ఇంటికే వెళ్ళారా అని అడగడానికి అక్కకు భయమేసింది.