కారుకి నాన్న చేసిన మారుతాళం

మా నాన్న తాళాలు బాగుచేసేవాడు. తెనాలి మార్కెట్ దగ్గర ఒక గోడవార, రేకుల కింద ఆయన దుకాణం. ఒక వైస్, కొన్ని ఆకురాళ్ళు, తీగకు గుచ్చి వేలాడదీసిన ఖాళీ తాళంచెవులు, అంతే సామాను. ఎవరి బీరువా మొరాయించినా, ఎవరింటి తాళంచెవి పోయినా ముందు ఆయనకే కబురొచ్చేది. తాళంకప్పని చెవి దగ్గర పెట్టుకుని సన్నటి తీగతో కదిపి వినేవాడు. అదేదో ఇంటి కబుర్లు చెబుతున్నట్టు మధ్యమధ్యలో తల కూడా ఊపేవాడు. మేం నవ్వితే కసిరేవాడు.

ఆయనకొక పట్టింపు ఉండేది. ఇంటివాళ్ళు పక్కన నిలబడితే తప్ప ఏ తాళమూ తీసేవాడు కాదు. సబ్బుబిళ్ళ మీద అచ్చు పట్టుకొచ్చి మారుతాళం చేసిమ్మనే వాళ్ళని నిలబడనిచ్చేవాడే కాదు. ఒకసారి మా మేనమామే అలా వచ్చాడు, తన సొంత పెట్టె కోసమే. అసలు తాళంచెవి అత్త కొంగున ముడేసుకుందట. "అయితే కొంగుతో సహా తీసుకురా, చేసిస్తాను" అని పంపేశాడు నాన్న. ఆయన వెళ్ళాక మాతో అన్నాడు: "ఈ పనిలో ఉన్నవాడి మీద ఒక్కసారి దొంగ అనే మాట పడిందా, మళ్ళీ ఎవరూ గడప తొక్కనివ్వరు."

అన్నయ్యకి బాపట్లలో బట్టల కొట్టు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకీ వస్తున్న రోజుల్లో ఒక పాత కారు కొన్నాడు. దాంతోపాటు ఒక్కటే తాళంచెవి ఇచ్చారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాన్నకి నిద్రలేదు. "ఒక్క తాళంచెవితో బతికే ఇంటికి అల్లాయే దిక్కు" అనేవాడు. అన్నయ్య తెనాలి వచ్చి మధ్యాహ్నం భోంచేసి పడుకున్నప్పుడు, ఆ తాళంచెవి దుకాణానికి పట్టుకెళ్ళి దాని జతని చేసుకొచ్చాడు. తలుపులు వెన్నలా తెరుచుకున్నాయి. లోపల స్టీరింగు దగ్గర పెడితే ఎక్కడా పట్టకుండా తిరిగింది. ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలని ఎవరికీ తోచలేదు. తాళంచెవి పని తిరగడమే కదా.

ఇక ఫుప్పీ సంగతి చెప్పాలి. ఫుప్పీ అంటే మా మేనత్త, నాన్న అక్క. రేపల్లెలో ఉండేది. నాన్నకి తన తల్లి ముఖం గుర్తులేదు. ఎత్తుకుని తిప్పిందీ, అన్నం కలిపి పెట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఫుప్పీయే. ముసలితనంలో ఆమెకి చూపు బాగా తగ్గిపోయింది. నాన్న వెళితే ఆయన చేతులు దగ్గరికి లాక్కుని, ఆకురాయికి అరిగి గరుకెక్కిన ఆ వేళ్ళని ఒక్కొక్కటే తడిమేది. తడిమి, "నువ్వేనా" అనేది. అక్కని ఆపా అని పిలిచే నాన్న, అంత పెద్ద మనిషీ ఆ ముక్కకి చిన్నపిల్లాడిలా "నేనే ఆపా" అనేవాడు.

వదినకి ఒంట్లో బాగోలేదని నాన్నా నేనూ బాపట్ల వెళ్ళి ఉన్నాం. అన్నయ్య సరుకు కోసం పొద్దున్నే రైల్లో చీరాల వెళ్ళాడు, కారు తాళంచెవి అతని జేబులోనే ఉండిపోయింది. అతను వెళ్ళిన కాసేపటికి రేపల్లె నుంచి ఫోన్. ఫుప్పీ కొడుకు, మా బావ మాట్లాడాడు.

"మామూ, అమ్మ పరిస్థితి ఏం బాగాలేదు. మాట తడబడుతోంది గానీ మీ పేరే తలుస్తోంది. తలుపు వేయనివ్వట్లేదు, తమ్ముడొస్తాడు అంటోంది. తొందరగా రండి."

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాను. రేపల్లె బస్సుకి ఇంకా వేళ ఉంది, ఆటో ఎక్కితే దొరుకుతుంది. నాన్న కదల్లేదు.

"బస్సు చెరుకుపల్లి, నగరం అన్ని ఊళ్ళూ తిరుక్కుంటూ ఎప్పటికి వెళ్ళేను? ఇంటి ముందు కారుంది. తాళంచెవి నా దగ్గరుంది."

మాలో ఎవరికీ డ్రైవింగు రాదు. ఎదురింటాయన కారు మెకానిక్కు. విషయం చెప్పగానే తింటున్న టిఫిన్ వదిలేసి చెయ్యి కడుక్కుని వచ్చాడు. నాన్న తాళంచెవి అందించాడు. తలుపు తెరుచుకుంది. తాళం తిరిగింది. ఇంజన్ బుర్రుమంది, అంతలోనే చచ్చిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. ఎదురుగా మీటర్ల దగ్గర తాళంచెవి బొమ్మ ఒకటి ఎర్రగా మినుకుమినుకుమంటోంది. దాన్ని ముగ్గురం చూశాం. అది ఏం చెబుతోందో ముగ్గురికీ తెలియలేదు.

"పెట్రోలు అందట్లేదేమోనండి" అన్నాడు మెకానిక్కు. బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైర్లు విప్పి గీకి మళ్ళీ బిగించాడు. ప్లగ్గులు చూశాడు. వీధిలో వాళ్ళు నలుగురు వచ్చి సెంటర్ దాకా తోశారు, అక్కణ్ణుంచి వెనక్కి తోశారు. నాన్న మాత్రం తప్పు తన చేతిదే అనుకున్నాడు. సంచీలోంచి చిన్న ఆకురాయి తీసి, అరుగు మీద కూర్చుని, తాళంచెవి పళ్ళని వెలుతురుకి పెట్టి చూసుకుంటూ రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దడం, ఊదడం, తెచ్చి ఇవ్వడం. అది తిరగడం, బుర్రుమనడం, ఆగిపోవడం.

నేను అన్నయ్యకి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది, తీయడు. మరమగ్గాల షెడ్డులో ఉన్నవాడికి ఫోనేం వినిపిస్తుంది? ఆ మోతలో పక్కన మనిషి అరిచినా వినపడదు.

మొదటి బస్సు పోయింది. "నాన్నా, పోదాం పద" అన్నాను. "ఇంకొక్కసారి" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాకు మండుకొచ్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది ఆ కారు వ్యవహారం. తను కదలదు, మమ్మల్ని బస్సెక్కనివ్వదు. వదిన లోపల్నుంచి ఏడుస్తూ, "మావయ్యా, బస్సుకి వెళ్ళండి" అని బతిమాలింది. ఆయన ఆకురాయి ఆపలేదు.

చివరికి అన్నయ్యే ఫోన్ చేశాడు. నేను సంగతి చెప్పబోతే ఏడుపొచ్చి మాట రాలేదు. మెకానిక్కు ఫోన్ తీసుకున్నాడు. "అవునండి... తిరుగుతోందండి... ఓహో, అదా" అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్ గారూ, ఇక రుద్దకండి. అసలు తాళంచెవి లోపల ఏదో చిప్పు ఉంటదంటండి. దాన్ని బండి గుర్తుపడితేనే స్టార్ట్ అవుద్దంట. మీరు చేసింది బ్రహ్మాండంగా ఉందండి, వంక పెట్టడానికి లేదు. కానీ ఈ బండి లెక్కలో అది పట్టుకొచ్చినోళ్ళంతా దొంగలే."

పాపం, ఆయన నవ్వించాలని అన్నాడు.

"దొంగా?" అన్నాడు నాన్న. చేతిలో తాళంచెవి చూసుకుని, "నేనా?" అన్నాడు.

ఆయన లేచి కారు తలుపులన్నీ వేసి, తన తాళంచెవితోనే తాళం పెట్టాడు. అది చక్కగా పడింది. దాన్ని జేబులో వేసుకుని రోడ్డు వైపు నడిచాడు. అన్నయ్య తను రైలెక్కి వచ్చి కారు తీసుకొస్తానన్నాడు గానీ ఆ మాట నాన్న చెవిన వేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

దొంగల్ని ఆపడానికి పెట్టారట ఆ ఏర్పాటు. దొంగలు ఆగారో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ ఎవరి కారులోనైనా ఆ ఎర్ర బొమ్మ వెలిగితే నా మొహం పక్కకి తిప్పుకుంటాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

తర్వాతి బస్సు ఎక్కాం. నాట్లు పడుతున్న రోజులు. ప్రతి ఊళ్ళోనూ కూలీలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నగరం ఊళ్ళో డ్రైవరు టీకి దిగాడు. నాన్న కూడా దిగి ఆయన పక్కనే నిలబడి, ఆ టీ గ్లాసు వైపే చూస్తూ ఉన్నాడు. డ్రైవరుకి ఏమనిపించిందో, "ఏంటి పెద్దాయనా, తొందరా?" అని అడిగాడు. నాన్న తల ఊపాడు. ఆయన సగం టీ పారబోసి వచ్చి బస్సు తీశాడు. ఆ డ్రైవరుకి నేను రుణపడ్డాను. కానీ ఆ సగం టీతో పోగొట్టుకున్న పొద్దు తిరిగొస్తుందా?

ఫుప్పీ వాళ్ళ సందు మలుపు తిరిగేసరికి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం ముందు అన్నీ చెప్పులే. నాన్న ఆ చెప్పుల దగ్గర ఆగిపోయాడు. బావ ఎదురొచ్చి ఆయన్ని పట్టుకున్నాడు.

"ఇందాకే మామూ. ఇంకా ఒళ్ళు కూడా చల్లబడలేదు."

ఆడవాళ్ళు జరిగి దారిచ్చారు. నాన్న పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తీసుకుని, తన వేళ్ళ మీద పెట్టుకున్నాడు. "నేనే ఆపా" అన్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నేను చూడలేక బయటికి వచ్చేశాను.

బయటికి వచ్చేసరికి సందు చివర అన్నయ్య కారు ఆగుతోంది.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మట్టి ఇచ్చారు. ఖబరస్తాన్‌ నుంచి మగవాళ్ళు తిరిగొచ్చాక, నాన్న అన్నయ్యని కారు తాళంచెవి అడిగాడు. అన్నయ్య నా వైపు చూసి ఇచ్చేశాడు. నాన్న తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎప్పుడూ అక్కడ కూర్చున్న మనిషి కాదు. అన్నయ్య భయపడి గేరు సరిచూశాడు. నాన్న తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. ఆపాడు. జేబులోంచి తను చేసినది తీసి పెట్టి తిప్పాడు. బుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ అన్నయ్యది పెట్టాడు. స్టార్ట్ అయింది.

"ఇక చాలు నాన్నా" అన్నాడు అన్నయ్య.

"రెండూ తిప్పింది ఈ చెయ్యే కదరా" అన్నాడు నాన్న. చెయ్యి చాపి చూసుకున్నాడు. గోళ్ళ కింద ఫుప్పీకి ఇచ్చిన మట్టి ఇంకా ఉంది. "దీనికి తెలియలేదు. ఆపాకైతే తెలిసేది. వేళ్ళు పట్టుకుంటే చాలు, తెలిసేది."

అన్నయ్య తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంజన్ ఆపమని ఎవరూ అనలేదు. అది తిరుగుతూనే ఉంది.