శోభక్క తేలిక మిషన్

మా ఆఫీసు గేటు దగ్గర చెరుకు రసం బండి ఉంటుంది. దాని చక్రానికి కట్టిన మువ్వలు మోగినప్పుడల్లా నాకు రసం వాసన కంటే ముందు తునికాకు వాసన తగులుతుంది. ఆ బండి మీద తునికాకు ఏమీ ఉండదు. అది బోధన్‌లో బీడీలు చుట్టిన శోభక్క వాసన. నేను వీడియో గేములు తయారుచేసి బతుకుతున్నాను. ఈ పనిలో అసలు సంగతి నాకు నేర్పింది, సరదాకైనా ఒక్క ఆట ఆడని ఆ మనిషే.

తొంభైల మొదట్లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద ఆమెకు ఒక రేకుల దుకాణం ఉండేది. లోపల రెండే వీడియో గేమ్ మిషన్లు. రెండింట్లోనూ ఒకటే ఆట, విమానం నడుపుతూ ఎదురొచ్చిన వాటిని కాల్చడం. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, తలెత్తకుండానే, చప్పుడును బట్టి ఎవరు ఎంత దూరం పోయారో చెప్పేది. మిషన్ మొరాయిస్తే స్క్రూడ్రైవర్ పట్టుకుని తనే వెనక తలుపు తీసేది. "ఇదంతా ఎవరు నేర్పిండ్రక్కా?" అని ఒకసారి అడిగాను. "ఎవరు నేర్పుతరు? నిజామాబాద్ మెకానిక్ వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి చూసిన" అంది. నేను నోరు తెరుచుకుని చూశాను. డిగ్రీ చదువుతున్న నాకు ఇంట్లో ఫ్యూజు వెయ్యడం కూడా రాదు మరి.

ఆ వెనక తలుపు లోపల చిన్న చిన్న స్విచ్చులుండేవి. ఆట కష్టంగా ఉండాలో తేలికగా ఉండాలో వాటితోనే పెట్టుకోవచ్చు. శోభక్క ఒక మిషన్‌ను కష్టంగా పెట్టి మాకిచ్చింది. మేమంటే రోజూ వచ్చి, ఒక్క రూపాయి బిళ్లతో గంటసేపు కదలని కాలేజీ వాళ్లం. రెండోది తేలిక మిషన్. అది చెరుకు బండ్లతో వచ్చి, ఫ్యాక్టరీ కాటా దగ్గర తూకం వంతు కోసం పొద్దంతా కాచుకునే రైతులది. చెరుకు సీజన్‌లో దుకాణం వాళ్లతో నడిచేది, ఫ్యాక్టరీ బందైన నెలల్లో మాతో నడిచేది. ఆ లెక్క ఆమెకు తెలుసు. నాకు మాత్రం ఒళ్లు మండేది. మేం ఆరుగురం ఒక మిషన్ కోసం కొట్టుకుంటుంటే, పక్కన ఎవరో పెద్దాయన గుడ్డిగా మీటలు నొక్కి గెలిచి మురిసిపోవడమా?

ఒక మధ్యాహ్నం శోభక్క, చుట్టిన బీడీలను కార్ఖానాలో ఇచ్చి రావడానికి పోయింది. నేను తేలిక మిషన్ వెనక తలుపు తీసి, స్విచ్చులన్నీ కష్టం వైపు తిప్పేశాను. రైతులు విసిగి లేచిపోతే ఆ మిషన్ మాదవుతుందని నా తెలివి.

కాసేపటికి ఎడపల్లి ఊరి రైతు గంగారాం కాక వచ్చాడు. ఆ సీజన్‌లో చెరుకు తెచ్చిన ప్రతిసారీ ఆడి, విమానాన్ని వంతెన దాటించడం నేర్చుకున్నాడు. ఆ రోజు తన ఆట చూపిద్దామని భార్యను వెంటబెట్టుకొచ్చాడు. "సూస్తుండు" అని ఆమెను పక్కన నిలబెట్టి మొదలుపెట్టాడు. రెప్పపాటులో విమానం కూలింది. మళ్లీ ఆడాడు, మళ్లీ కూలింది. మూడోసారి అయ్యాక, చెరుకాకు కోసిన గీతలున్న చేతులను ధోవతికి తుడుచుకుని, భార్య ముఖం చూడకుండా, "నాకు రాదు తియ్యి. గిది సదువుకున్నోళ్ల ఆట" అని బయటికి నడిచాడు. మిషన్ ఖాళీ అయింది. నేను దాని ముందు కూర్చుని బిళ్ల వేశాను గానీ ఆటలో మనసు లేదు, విమానం వెంటవెంటనే కూలిపోతోంది.

తిరిగొచ్చిన శోభక్క గుమ్మంలోనే ఆ చప్పుడు విని ఆగిపోయింది. "ఎవరు ముట్టిండ్రు?" నేను తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. "నడువు" అని నన్ను బండ్ల వరుస దగ్గరికి తీసుకుపోయింది. "కాకా, మిషన్ల తప్పున్నది, నీ చేతిల కాదు" అంది. నా పేరు చెప్పలేదు. "గీ తమ్మికి జర బండి తోలుడు నేర్పు" అని మాత్రం అంది.

వరుసలో ముందున్న బండ్లు కదిలాయి. నేను కాక బండి ఎక్కి పగ్గాలు గుంజాను. ఎద్దులు రోడ్డు దిగి అడ్డం తిరిగాయి. వరుసంతా నవ్వింది. కాక నవ్వలేదు. "గా కుడి పగ్గం ఇడిసిపెట్టు బిడ్డా. ఎడమ దిక్కుది ముసలెద్దు, దానికి తొవ్వ ఎరుకే. ముందుగాల దాన్నొక్కదాన్నే పట్టుకో." పట్టుకున్నాను. బండి కదిలింది. పది గజాలే, కానీ ఊరేగినంత గర్వపడ్డాను. "అగో, వచ్చింది గదా!" అన్నాడు కాక, నాకంటే ఎక్కువ సంతోషంగా.

ఇక ఆపుకోలేకపోయాను. స్విచ్చులు తిప్పింది నేనేనని చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను. కాక పక్కనున్న భార్య వైపు తిరిగి, "సూసినవా, నాకు వస్తది" అన్నాడు.

తిరిగొస్తూ శోభక్క ఒకే మాట అంది: "కొత్తోడు ముసలెద్దు దిక్కు నుంచే మొదలువెడ్తడు తమ్మీ. రేపు నీ లెక్క ఆడెటోడు గా కొత్తోళ్లలకెళ్లే రావాలె." పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేశాను. ఆట గురించీ వ్యాపారం గురించీ ఇంతకంటే గొప్ప మాట ఎవరి దగ్గరా వినలేదు. ఆమె దాన్ని బీడీల చేట ముందు కూర్చుని కనిపెట్టిందంటే, నాకిప్పటికీ ఆశ్చర్యం తీరదు.

ఇప్పుడు మా ఆఫీసులోనూ రోజూ అదే తగువు. ఆట రానివాళ్ల కోసం చప్పగా చేస్తున్నారని ఒకరు, వచ్చినవాళ్ల కోసం కొరకరాకుండా చేస్తున్నారని ఇంకొకరు. నేను ఆటలో మొదటి మెట్టును గేటు దగ్గర రసం బండి అతనితో ఆడిస్తాను. నిన్న అతను రెండుసార్లు ఓడి, ఫోన్ నా చేతికిచ్చి, "నాకు రాదు సార్" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. "ఆటల తప్పున్నదన్నా, నీ చేతిల కాదు" అని చెప్పి, ఆ మెట్టును మళ్లీ మొదటి నుంచి తయారుచెయ్యడానికి లోపలికి పోయాను.