ఎవరికీ కనపడని జంతువుకు కాపలా

జంతు ప్రదర్శనశాలలో అందరూ ఆయన్ని కలుగాయన అంటారు. గుర్రం చేత తన్నించుకుని, ఒంటె చేత ఉమ్మించుకుని, చివరికి ఎడారి తవ్వుడెలుకల గదికి చేరాడు. చుట్టూ అద్దం, లోపల ఇసుక, ఇసుక కింద ఎలుకలు. అవి పైకి రావు, కరవవు. కలుగాయనకు స్వర్గం దొరికినట్టయింది. టికెట్టు కొన్నవాళ్ళకే ఒళ్ళు మండేది.

ఒకరోజు సూపరింటెండెంటు వచ్చాడు. "అసలు లోపల ఎలుకలున్నాయా, లేక వాటి దుంపలు నువ్వే ఉడకేసుకు తింటున్నావా?"

"ఉన్నాయి సార్. పెట్టిన దుంపను కిందనుంచే లాక్కుపోతాయి."

"ఆదివారం మన శాఖ పెద్దాయన కుటుంబంతో వస్తున్నారు. ఒక్కటైనా కనపడకపోతే ఈ గది చిలకలకి, నువ్వు మొసళ్ళకి."

కలుగాయన పైప్రాణాలు పైనే పోయాయి. గాలాడక అలిగాయేమోనని రోజూ పొద్దున్నే గరిటతో కలుగులు తెరిచాడు. కాసేపు బయటికెళ్ళి వచ్చేసరికి అవి మళ్ళీ మూసుకుపోయి ఉండేవి.

"మంచికి పోతే నా మొహాన్నే మట్టి కొడుతున్నాయే," అన్నాడు భార్యతో, అన్నం ముందు కూర్చుని.

"నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు మా తమ్ముడు తలుపు బార్లా తీసి పోతే ఏం చేస్తావు?"

"వాణ్ణి నాలుగు తిట్టి, లేచి వేసుకుంటా."

"వాటికి తిట్టడం రాదు. లేచి వేసుకుంటున్నాయి."

నోటిదాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది. మూయడానికైనా పైకి రావాలిగా!

ఆదివారం పెద్దాయన ఎదుటే కలుగు తెరిచాడు. బయటికొచ్చి తలుపు వేసి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఇసుక కదిలింది. ముందు ఎలుక పిర్రలు వచ్చాయి. వెనక కాళ్ళతో మట్టి ఎగజిమ్మింది. అద్దం లేకపోతే అది పెద్దాయన మీసాల మీదే పడేది.

"మొహమేదోయ్?" అన్నాడు పెద్దాయన.

అప్పుడు తిరిగింది. మూతి మూసే ఉంది, పళ్ళు మాత్రం బయటున్నాయి.

"అవేం పళ్ళు!" అంది పెద్దాయన భార్య.

"పెదవులు పళ్ళ వెనక మూసుకుంటాయమ్మా. తవ్వేటప్పుడు నోట్లో మట్టి పడదు. నోరు తెరవకుండానే కొరుకుతుంది."

"మా అత్తగారి లాగా," అని గొణిగాడు పెద్దాయన. భార్య చూసిన చూపుకు, దగ్గు వచ్చినట్టు నటించాడు.

ఎలుక కలుగు మూసుకుని పోయింది. పిల్లలు మళ్ళీ చూపించమని గోల పెట్టారు.

సూపరింటెండెంటు మొహం వెలిగిపోయింది. "ఇకమీదట గంటకోసారి తెరువు."

"అలా చేస్తే చచ్చిపోతాయి సార్. తేమంతా పోతుంది. అవి నీళ్ళు తాగవు, దుంపల తడే వాటికి ఆధారం. రోజుకొక్కసారి చాలు. కాదంటే నన్ను మొసళ్ళకే పంపండి."

ఆయన కళ్ళెర్ర చేసేలోపే పెద్దాయన అందుకున్నాడు. "రోజుకొక్కసారే పెట్టవయ్యా. రేపు మళ్ళీ వస్తాం."

సాయంత్రం ఇంటికొచ్చి కలుగాయన జరిగిందంతా భార్యకి చెప్పాడు.

"నువ్వేనా? సూపరింటెండెంటుకి ఎదురు చెప్పింది నువ్వేనా?" అంది భార్య.

"ఆయన మొహం చూస్తే మాట రాదని, ఎలుకకి చెప్తున్నట్టు ఇసుక వైపు చూస్తూ చెప్పానే."