సూర్యుడి పక్కకు పోయిన చుక్క

పుంగనూరు నుంచి మదనపల్లెలోని ఒక డిగ్రీ కాలేజీకి ఫిజిక్స్ శాఖాధిపతిగా నన్ను బదిలీ చేస్తూ ఉత్తర్వు జూన్ మొదటి వారంలో అందింది. రిటైర్మెంటుకు అప్పటికి మూడేళ్లుంది. శాఖాధిపతి అన్నది పెద్ద మాటే గాని, ఆ శాఖ మొత్తం కలిపి ముగ్గురం: నేను, ఒక గెస్ట్ లెక్చరర్, ల్యాబ్ అటెండర్ రెడ్డెమ్మ. అటెండర్ అంటే ల్యాబ్ తాళాలు తీసి, పరికరాలు తుడిచి, విద్యార్థులకు అందించి, సాయంత్రం లెక్కచూసి బీరువాలో పెట్టే ఉద్యోగి. రెడ్డెమ్మ సొంతూరు సోమల. అవుట్‌సోర్సింగ్‌లో ఈ పనికి రాకముందు పదేళ్లకు పైగా టమోటా మార్కెట్ యార్డులో కాయలు గ్రేడింగ్ చేసింది.

ఆ ఏడాది కుప్పంలో జరిగిన శిక్షణ తరగతుల్లో అక్కడి లెక్చరర్ మునిరత్నం మాకు ఒక పని నేర్పాడు. సూర్యుణ్ణి ఎప్పుడూ కనిపెట్టి ఉండే ఉపగ్రహాలున్నాయి. వాటిలోని ఒక రకం కెమెరాలో సూర్యబింబాన్ని గుండ్రటి బిళ్లతో కప్పేస్తారు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. అప్పుడు సూర్యుడి చుట్టూ ఉండే పలుచటి కాంతి, దాని వెనక నక్షత్రాలు కనబడతాయి. ఒక్కోసారి సూర్యుడిలోకి దూకబోయే చిన్న తోకచుక్కలూ పడతాయి. వాటికి తోక కూడా సరిగా ఉండదు, ఉత్త చుక్క. కొన్ని గంటల్లో ఆవిరైపోతుంది, మళ్లీ రాదు. ఆ ఫొటోలను ఇంటర్నెట్‌లో అందరికీ పెడతారు. ఎవరు ముందుగా కనిపెట్టి, సరైన కొలతలతో ఫారం పంపితే జాబితాలో ఆ తోకచుక్కకు ఎదురుగా వాళ్ల పేరు రాస్తారు. డిగ్రీలు అడగరు.

తిరిగొచ్చి మా ల్యాబ్‌లో అందరికీ ఆ పని చూపించాను. విద్యార్థులు వారం రోజులు సరదాపడి మానేశారు. మానకుండా చూసింది రెడ్డెమ్మ ఒక్కతే. పొద్దున బెంచీలు తుడిచాక, పిల్లలు వచ్చేలోపు, ల్యాబ్ కంప్యూటర్ ముందు కూచుని ఒక్కొక్క ఫొటో తిప్పేది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, కాలక్షేపం అనుకున్నాను.

అక్టోబరులో ఒక ఉదయం నేను సంతకం పెట్టి లోపలికి రాగానే పిలిచింది.

“సార్, ఈడ సూడండి. మిగతా సుక్కలన్నీ ఒకే పక్కకి జరగతాండాయి. ఇదొకటే సూర్యుడి పక్కకి పోతాండాది.”

ఆరు ఫొటోలు వరుసగా తిప్పింది. ఉపగ్రహం భూమితోపాటు సూర్యుడి చుట్టూ తిరుగుతుంది గనక నక్షత్రాలన్నీ ఫొటోల్లో ఎడమ నుంచి కుడికి ఒకే తీరుగా కదులుతాయి. అంతరిక్షంలోని కణాలు కెమెరాను తాకితే పడే తెల్ల మచ్చ ఒక్క ఫొటోలోనే ఉంటుంది, తర్వాతి దాంట్లో ఉండదు. ఇది ఆరింటిలోనూ ఉంది, కింది అంచు నుంచి నిటారుగా పైకి, బిళ్లవైపు ఎక్కుతోంది. అప్పటికింకా ఎవరూ రిపోర్టు చేయలేదు. వెంటనే ఫారం తెరిచాను. ముప్పై ఏళ్ల పాఠాల్లో నేను కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు మరి.

ఫారంలో ఆమె పేరే రాశాను. అంతవరకు న్యాయంగానే ఉన్నాను. రెడ్డెమ్మ ఆ పేరు వంక కాసేపు చూసి, “నా పేరు జీతాల కాయితంలో తప్ప యాడా లేదు సార్” అంది. నవ్వుతూనే అంది గాని, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక కొలతలు. ప్రతి ఫొటోలోనూ చుక్క అడ్డంగా ఎంత దూరంలో ఉందో, నిలువుగా ఎంత దూరంలో ఉందో రాయాలి. నేను పాతకాలం మనిషిని. ఫొటోలను ప్రింటు తీసి, వాటిమీద పారదర్శకమైన గ్రాఫ్ షీటు పరిచి, పెన్సిలుతో లెక్కపెట్టి అంకెలు నింపాను. రెడ్డెమ్మ నా భుజం వెనక నిలబడి చూస్తోంది.

“సార్, మౌసు పైకి జరిపితే కింద నంబరు తగ్గతాది. మీరేమో పెంచుకుంటా పోయినారే?”

నాకు చిర్రెత్తింది. నల్లబల్ల మీద నిలువు గీత గీసి, గ్రాఫులో పైకి పోయేకొద్దీ విలువ పెరుగుతుందని, అది లెక్కల్లో మొదటి పాఠమని వివరించాను. ఫారం పంపించి టీ తాగడానికి వెళ్లాను.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. మీరిచ్చిన స్థానాల్లో ఏ వస్తువూ లేదు, అని ఒకే వాక్యం. నమ్మబుద్ధి కాక కుప్పానికి ఫోన్ చేశాను. మునిరత్నం అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

“యాణ్ణించి లెక్కబెట్టినారు సార్, పైనుంచా, కిందనుంచా?”

కంప్యూటర్ తెర మీద ఫొటోను పై అంచు నుంచి కిందికి లెక్కపెడతారు. ఫారం మొదటి వరసలోనే ఆ మాట ఉంది. నేను గ్రాఫ్ అలవాటు కొద్దీ కింది నుంచి లెక్కపెట్టాను. నా అంకెల ప్రకారం చుక్క పైనుంచి కిందికి దిగుతోంది. అక్కడ ఖాళీ ఆకాశం తప్ప ఏమీ లేదు. గబగబా అన్నీ సరిచేసి మళ్లీ పంపాను. ఈలోగా వేరే దేశంలో ఎవరో అదే చుక్కను సరైన కొలతలతో పంపేశారు. తప్పు నాదని, ముందు చూసింది మా అటెండరని వివరంగా రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు: మొదటి సరైన రిపోర్టే లెక్క, నిబంధన మార్చలేం. సాయంత్రం ఫొటోల్లో ఆ చుక్క లేదు. బిళ్ల వెనక్కు పోయి, ఇంకో పక్క బయటికి రాలేదు.

రెడ్డెమ్మ బీరువాకు తాళం వేస్తుండగా విషయం చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది.

“నేను సెప్తి గదా సార్” అంది. అంతకంటే గట్టిగా తిట్టినా నాకు అంత తగిలేది కాదేమో. బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది. “ఆ ఫారం రేపు నాకు నేర్పించండి. ఇంక నేనే రాస్తా.”

మర్నాడు నేర్పాను. గంట కూడా పట్టలేదు. నేను రిటైరయ్యేదాకా ల్యాబ్‌లో ఒక పద్ధతి నడిచింది: చుక్కను చూసిన మనిషే మౌసు దానిమీద పెట్టి అంకె చదవాలి, ఇంకొకరు రాయాలి. రాసేది ఎక్కువగా నేనే. ఆమె తర్వాత కూడా చాలాసార్లు పంపింది. ఎక్కువ భాగం అప్పటికే ఎవరో ఒకరు పంపినవే. నేను దిగిపోయిన ఏడాదిలో తన పేరు మీద ఒకటి ఖాయమైందని ఫోన్ చేసి చెప్పింది. ఫారం తనే నింపిందట.

మొదటి తోకచుక్కకు ఎదురుగా మాత్రం ఇప్పటికీ వేరొకరి పేరే ఉంది. అలా ఉండటమే సరి, తప్పులేని రిపోర్టు వాళ్లది. ఆ రోజు కొలత తప్పడానికి కారణం నాకు లెక్క రాకపోవడం కాదు. సందేహం అడిగింది అటెండర్ గనక ఫారం మొదటి వరస ఇంకోసారి చదవలేదు. అదే మాట ప్రిన్సిపాల్ అని ఉంటే చదివేవాణ్ణి.